జెకర్యా చెయ్యి

పాట పల్లవి దాటలేదు. కృపానందం చెవులకున్న హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. విసిరి కొట్టాలనే ఉంది గానీ, విసిరితే ఇంకోటి లేదు.

అద్దానికి అవతల, ఒళ్ళో గిటారుతో కూర్చున్న జెకర్యా తలెత్తి చూశాడు. కృపానందం భార్య రూతమ్మకి తమ్ముడతను.

"మళ్ళీనా బావా?"

"మళ్ళీనే."

ఆ స్టూడియో ఒకప్పుడు వడ్ల కొట్టు. గోడలకి పాత పరుపులూ కోడిగుడ్ల అట్టలూ మేకులతో కొట్టి స్టూడియో అన్నారు. పక్కనే రైసుమిల్లు. మిల్లువాళ్ళు భోజనాలకి ఆపితేనే ఇక్కడ పాట. ఫ్యాను తిరిగితే మైకులో గాలి పడుతుంది కాబట్టి ఫ్యాను లేదు. ఆ కాసేపట్లోనే ఇద్దరూ చెమటలో నానుతూ, ఒక్క పాట కోసం వేసవంతా కుస్తీ పడుతున్నారు. సంఘం మహాసభలకి ఆ పాట అందాలి. మాటా బాణీ కృపానందానివే. తను కట్టినవాటిల్లో నిలబడేది ఇదొక్కటేనని అతని నమ్మకం. ఇంతకుముందు చేసినవన్నీ పట్నం స్టూడియోవాళ్ళు విని, పాట బాగుందండీ, గిటారే సరిగ్గా పలకట్లేదు అని తిప్పి పంపారు.

దాని రోగమేంటంటే, తీగలు వదిలేసి మీటితే ముత్యంలా ఉంటుంది. మెట్టు దగ్గర వేలు పెట్టాడా, స్వరం పైకి పోతుంది. వెంట్రుకవాసి. మామూలు చెవికి తెలీదు. కృపానందానికి మాత్రం అన్నంలో రాయి తగిలినట్టుంటుంది.

ముందు చర్చి హార్మోనియాన్ని అనుమానించాడు. ఆ ఊళ్ళో ఏ వాయిద్యమైనా దానికే కలపాలి. ఎప్పుడో దొరసాని ఇచ్చి వెళ్ళిన పెట్టె. అదే కొంచెం ఎక్కువ పలుకుతోంది అన్నాడు. ఆ మాటకి సంఘ పెద్దలు కొన్నాళ్ళు అతనితో మాట్లాడలేదు. సరే, దాన్ని వదిలేసి శ్రుతి చూపించే చిన్న మిషనుకి కలిపాడు. లాభం లేదు. తీగలు మార్చాడు. బ్రిడ్జి దగ్గర మరలు ముందుకి జరిపాడు, వెనక్కి జరిపాడు. మెట్లు అరగదీయించాడు. చివరికి ఒకరోజు గిటారుని వదిలేసి జెకర్యా వేళ్ళకేసి చూశాడు. అప్పుడు దొరికింది.

జెకర్యాది ట్రాక్టర్ల షెడ్డు. స్పానరు చేతికందకపోతే నట్టుని వేళ్ళతోనే తిప్పేస్తాడు. తీగనీ అలాగే నొక్కుతాడు. ఆ నొక్కుడికి తీగ సాగుతుంది. సాగితే స్వరం పైకి పోతుంది. మెల్లగా నొక్కరా అంటే కాసేపు మెల్లగానే నొక్కుతాడు. మనసు పాట మీదకి వెళ్ళిందంటే చెయ్యి మళ్ళీ షెడ్డుకెళ్ళిపోతుంది.

నీ చేత్తో బోల్టులు బిగించుకోవాలి గానీ గిటారు ముట్టుకోకూడదురా అన్నాడు కృపానందం.

"అయితే నువ్వే వాయించు బావా," అన్నాడు జెకర్యా.

అతను కావాలని అనలేదు. అయినా తగిలింది. ఒకప్పుడు ఆ కాలవ పొడుగునా గిటారంటే కృపానందమే. ఇప్పుడు రెండు చేతులూ వణుకుతాయి. టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే. చెవి తన దగ్గరుంది, చెయ్యి బావమరిది దగ్గరుంది. రెండూ ఒక మనిషికి ఇవ్వకుండా దేవుడు ఈ మెలిక ఎందుకు పెట్టాడో అతనికి అర్థమయ్యేది కాదు.

ఊళ్ళోవాళ్ళకి మాత్రం జెకర్యా చెయ్యంటే గురి. అక్కడ బాప్తిస్మాలు కాలవలోనే ఇస్తారు. లాకులకి ఎగువనున్న రేవులో పాస్టరు ఇమ్మానుయేలుగారు ఒకవైపు, జెకర్యా ఇంకోవైపు నిలబడి మనిషిని ముంచి లేపుతారు. నీళ్ళు వదిలిన రోజుల్లో కాలవ మనిషిని లాకులకేసి గుంజుతుంది. ఒకసారి ఒకావిడ కాలు జారి పాస్టరుగారి పట్టులోంచి పోతే, జెకర్యా ఒక్కచేత్తో రెక్క పట్టుకుని ఆపాడు. ఆవిడ చేతిమీద అయిదు వేళ్ళూ నల్లగా కమిలి చాన్నాళ్ళు ఉన్నాయి. ఆవిడ వాటిని అందరికీ చూపించుకునేది. అప్పట్నుంచీ నీళ్ళంటే భయమున్నవాళ్ళు ముందు అడిగేది, జెకర్యా వస్తున్నాడా అని.

*

కృపానందానికి కెజియా ఒక్కతే కూతురు. విశాఖపట్నంలో చేతివణుకు మీద పనిచేసే ఒక పరిశోధనశాలలో ఉంది. ఆ వేసవిలో ఇంటికొచ్చినప్పుడు తండ్రి కోసం ఒక పట్టీ తెచ్చింది. వాచీ పట్టీ కన్నా కొంచెం వెడల్పు. మోచేతికి దిగువన కట్టి, ఒక రబ్బరు ఉండ చేతిలో పెట్టింది.

ఉండని నొక్కితే కూస్తుంది. ఎక్కువ నొక్కితే కూత పైకి, తక్కువైతే కిందకి. సరైన స్వరం దగ్గర ఆపు నాన్నా అంది. ఆపబోతే చెయ్యి వణికింది, కూతా వణికింది. పట్టీ లోపల్నుంచి నరానికి చీమ పాకినట్టయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ చీమ. కొన్ని రోజులు ఆ చేతికోసారి, ఈ చేతికోసారి కట్టి అలా చేసేసరికి, కూత సరైన చోటికి రాగానే చెయ్యి దానంతటదే నిలబడిపోవడం మొదలెట్టింది. చెవి చెప్పినమాట చెయ్యి వింటోంది. అదే ఆ పట్టీ కిటుకు. చెవికీ చేతికీ మధ్య కొత్తగా ఒక బాట వేస్తుంది. ఆ తర్వాత పట్టీ తీసేసినా బాట కొన్నాళ్ళుంటుంది. వణికే చెయ్యి మళ్ళీ మర్చిపోతుంది కాబట్టి మళ్ళీ కట్టుకోవాలి.

వెళ్ళేముందు కెజియా గుమ్మంలో ఆగి ఒకటే చెప్పింది.

"బాగున్న చేతికి ఇది కట్టకూడదు నాన్నా. బాగున్న చెయ్యి మర్చిపోతుందో లేదో మాకింకా తెలీదు. సరదాక్కూడా వద్దు."

కృపానందం తలూపాడు. వణుకు తగ్గింది. టీ గ్లాసు ఒలక్కుండా తాగాడు. రూతమ్మ చూసి కొంగుతో మొహం తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అతను ఆ పూటే గిటారు తీశాడు. వణుకైతే పోయింది గానీ వేళ్ళ కణుపులు ముసలివైపోయాయి. మెట్టు మీద వంగవు, వంగినా అందవు. చాలాసేపు ప్రయత్నించి గిటారుని గోడకి ఆనించేశాడు. బాగయిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వణుకుతున్నప్పుడే నయం, సాకైనా ఉండేది.

మర్నాడు మిల్లు ఆగాక జెకర్యా వచ్చాడు. కృపానందం పట్టీ విప్పి, ఒరే, ఎడమచెయ్యి ఇటివ్వు అన్నాడు.

ఇదేంటి బావా, గాజులేస్తావా అని నవ్వాడు జెకర్యా. చెయ్యి మాత్రం చాపాడు. బావ అడిగితే ఎందుకని అడిగే అలవాటు అతనికి లేదు.

రబ్బరు ఉండ ఎందుకులే అనుకున్నాడు కృపానందం. పట్టీ ఏ స్వరాన్నైనా వింటుంది కాబట్టి నేరుగా గిటారుతోనే నేర్పించాడు. నొక్కు, పైకి పోయింది, చీమ. మళ్ళీ నొక్కు. జెకర్యా ఇంతెత్తు మనిషి, చక్కిలిగింత పెట్టినట్టు మెలికలు తిరిగిపోయాడు. పాట అయ్యేదాకా పట్టీ విప్పొద్దంటే షెడ్డుకీ ఎండలోకీ దాంతోనే వెళ్ళాడు. కొన్నాళ్ళకి ఆ ముదురు వేళ్ళు తీగ మీద ఎలా వాలేవంటే, కృపానందం హెడ్‌ఫోను పెట్టుకుని ఏం తప్పు పట్టాలో తెలియక కూర్చున్నాడు. పల్లవి దాటింది. చరణం దాటింది. ఎక్కడా రాయి తగల్లేదు.

ఒక్కటే జరిగింది మధ్యలో. మూడో తీగ కీలు వదులై తీగ జారింది, స్వరం దిగిపోయింది. జెకర్యా వేలు ఆ తీగని నొక్కడం మొదలెట్టింది. ఇంకా నొక్కింది. వదలరా అంటే వదలట్లేదు బావా అన్నాడు. దిగిన స్వరాన్ని పైకి లేపాలని చెయ్యి దానంతటదే బిగుసుకుంటోంది. చివరికి కుడిచేత్తో వేలు విడదీసుకునేసరికి కొన చిట్లి రక్తమొచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. స్వరం పెరిగితే వదులుతుంది, దిగితే బిగుస్తుంది, మంచి శిష్యుడేనని కృపానందం కీలు బిగించాడు.

పాట పూర్తయింది. పట్టీ తుడిచి డబ్బాలో పెట్టేశాడు. పాట పట్నం పంపాడు. ఈసారి అక్కణ్ణుంచి ఫోనొచ్చింది. గిటారు ఎవరండీ, మహాసభలు కానివ్వండి, తర్వాత మేమే విడుదల చేస్తాం అన్నారు.

*

మొదట జారింది గ్యాసు బండ.

జెకర్యా దాన్ని రెండుచేతులతో ఎత్తి వంటింట్లోకి తెస్తున్నాడు. పొయ్యి దగ్గర రూతమ్మ ఆ కొత్త పాటే పాడుకుంటోంది. బండ ధడాలున మెట్టు మీద పడి వాకిట్లోకి దొర్లింది. రూతమ్మ గుండె పట్టుకుని, తేరుకున్నాక, మీ ఆవిడ తిండి పెట్టట్లేదా తమ్ముడూ అంది. జెకర్యా ఎడమచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఏమో అక్కా, బరువుందన్న సంగతే మర్చిపోయింది అన్నాడు.

తర్వాత షెడ్డులో. ఎవరి ఫోనో పాటపాడుతూ మోగింది, స్పానరు జారి పాదం మీద పడింది. ఇంకోరోజు బండిమీద ఐస్‌క్రీము అమ్మేవాడు బూర ఊదుకుంటూ పోతుంటే టీ గ్లాసు. జెకర్యా నవ్వుతూ చెప్పేవాడు. కృపానందం నవ్వలేదు. పాట వినబడితే ఆ చెయ్యి గిటారు తీగకి ఎంత కావాలో అంతే పట్టుకుంటోంది. తీగకి ఎంత కావాలి? పువ్వు తెంపినంత.

కెజియాకి ఫోను చేశాడు. పట్టీ తీసేశాక కూడా ఆ ప్రభావం ఉంటే ఏం చెయ్యాలమ్మా అని చుట్టూ తిప్పి అడిగాడు. ఏమైనా జారిపోతున్నాయా నాన్నా అందామె. నా చేతిలోంచేలే, అప్పుడప్పుడూ అన్నాడు. అబద్ధం అంత సులువుగా వస్తుందని అతనికి తెలీదు. ఆమె కంగారుపడి, ఎలాగూ మహాసభలకి వస్తున్నా, అప్పుడు చూస్తానంది. ఆగి, ఈసారి బాప్తిస్మం కూడా తీసుకుంటాను, అమ్మకి చెప్పు అంది.

రూతమ్మ ఏళ్ళ తరబడి చేసిన ప్రార్థన అది. ఆ రోజే తెల్లచీర తీసి ఎండలో వేసింది.

కృపానందం షెడ్డుకెళ్ళాడు. ఒరే, ఈసారికి నీళ్ళలో ఇంకెవరైనా దిగుతార్లే అన్నాడు. జెకర్యా లేచి, కిందున్న ట్రాక్టరు చక్రాన్ని ఎడమచేత్తో ఎత్తి నిలబెట్టాడు. అప్పుడు షెడ్డులో ఏ పాటా లేదు. చెయ్యి ఇనుములా ఉంది.

"నా మేనకోడలు నీళ్ళలోకి దిగితే ఇంకోడు పట్టుకుంటాడా బావా? నేనేం తప్పు చేశానో చెప్పు."

చెప్పాల్సింది అప్పుడే. నీ తప్పు కాదురా, నాది, అనాలి. అంటే జెకర్యా ఎవరికీ చెప్పకుండా ఉండలేడు, కెజియాకి తెలుస్తుంది. అక్కణ్ణుంచి వచ్చేశాడు. పాస్టరుగారి దగ్గరికెళ్ళి, బాప్తిస్మం అయ్యాక పాడితే బాగుంటుందేమోనండి అన్నాడు. పాట లేని బాప్తిస్మం ఏమిటి కృపానందంగారూ, అందులోనూ మీ పాట మొదటిసారి వినేది అక్కడేగా అని ఆయన భుజం తట్టాడు. అదీ నిజమే. ఆ మాటకి లోపల ఏదో మెత్తబడింది. చాలా రోజులైంది, ఈపాటికి పోయి ఉంటుందిలే అనుకుని ఇంటికొచ్చాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఇంటికే వచ్చాడు.

*

రేవు నిండా జనం. ట్రాక్టరు తొట్టిలో మైకుసెట్టు, దాని పక్కన కృపానందం. ఎగువ నీళ్ళు వదిలారు. కాలవ ఎర్రగా, నిండుగా లాకులకేసి పోతోంది. పాస్టరుగారు నడుంలోతులో ఉన్నారు. దిగువవైపు జెకర్యా, చొక్కా చేతులు మడిచి.

కెజియా తెల్లచీరలో మెట్లు దిగింది. పాట పెట్టమని పెద్దలు సైగ చేశారు. కృపానందం పెట్టాడు. గిటారు మొదలైంది. గట్టు మీదున్న ఆడవాళ్ళు గొంతు కలిపారు. ఆ ఆడవాళ్ళకి పాట నేర్పింది అతనే, శ్రుతి తప్పితే తిట్టి తిట్టి. ఒక్క గొంతు కూడా పక్కకి పోలేదు. తన పాట ఇంత మంది నోట, ఇంత నిఖార్సుగా అతను ఎప్పుడూ వినలేదు.

పాస్టరుగారు ముంచారు. లేపారు. లేస్తూ కెజియా కాలు బురదలో జారింది. పాస్టరుగారి చేతిలో తడి కొంగు మాత్రమే మిగిలింది. ఒక్క జెకర్యా చెయ్యే ఆమె రెక్క మీదుంది.

కృపానందం ఆ వేళ్ళు చూశాడు. నాలుగు వేళ్ళూ వంగి, కొనలు మాత్రమే ఆని, మెట్టు మీద తీగని పట్టుకున్నట్టే ఉన్నాయి. జెకర్యా తన చేతికేసే చూస్తున్నాడు, అది ఎవరి చెయ్యో అన్నట్టు. కుడిచేత్తో అందుకోబోతే నీళ్ళు అతన్నే తోసేస్తున్నాయి.

కృపానందం పాటపెట్టె వైరు పీకేశాడు. గిటారు ఆగింది. ఆడవాళ్ళు ఆపలేదు. ఆపండి, పాట ఆపండి అని మైకులో అరిచాడు. అతను అలా అరవడం వాళ్ళకి కొత్త కాదు. శ్రుతి పోయిందని తిడుతున్నాడనుకున్నారు. ఇంకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఇంకా సరిగ్గా పాడారు. కెజియా రెక్క మోచేతి దాకా జారింది. మోచేతి నుంచి మణికట్టుకి.

అప్పుడు గుర్తొచ్చింది, కీలు జారిన రోజు చిట్లిన జెకర్యా వేలు.

మైకు నోటికానించుకుని అదే పాట అందుకున్నాడు. దించి పాడాడు. స్వరానికి వెంట్రుకవాసి కింద, ఆ కిందకి ఇంకా కింద. జన్మలో ఎవర్నీ పాడనివ్వని తీరు, తనకే పళ్ళు జివ్వుమనే తీరు. నాలుగు హారన్లలోంచీ అది కాలవ మీద పడింది. ఆడవాళ్ళ గొంతులు మునిగిపోయాయి. ఒక్కొక్కరే నోళ్ళు మూశారు. కృపానందానికి మతిపోయిందనుకున్నారు.

జెకర్యా చెయ్యి బిగుసుకుంది.

కెజియా కేక పెట్టింది. నొప్పికి. ఆ కేక వింటూ కూడా అతను ఆపలేదు. ఇంకా దించాడు. జెకర్యా ఆమెని గట్టుకి లాక్కొచ్చి మెట్టు మీద కూర్చోబెట్టేదాకా, పాస్టరుగారు వచ్చి ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసేదాకా పాడుతూనే ఉన్నాడు. తర్వాత తొట్టిలోనే కూలబడ్డాడు.

కెజియా మణికట్టు పట్టుకుని, దగ్గుతూ, మావయ్య చేతికేసి చూసింది. మోచేతికి దిగువన చుట్టూ లేతగా ఒక గీత. ఎండ తగలని చోటు. ఆ వెడల్పు ఆమెకి తెలుసు.

తల తిప్పి తండ్రిని చూసింది. పెద్దగా కూడా అనలేదు.

"జారిపోతున్నది నీ చేతిలోంచి కాదన్నమాట."

*

కెజియా ఉద్యోగానికి వెళ్ళడం వాయిదా వేసుకుని, రబ్బరు ఉండతో మావయ్య చేతిని వెనక్కి తిప్పాలని చూసింది. తిరగలేదు. బాగున్న చెయ్యి కాబట్టే బాగా నేర్చుకుంది, బాగా నేర్చుకుంది కాబట్టే మర్చిపోవట్లేదు అంది. జరిగిందంతా పరిశోధనశాలకి చెప్పేసింది. అక్కడ ఆ పట్టీలన్నీ వెనక్కి తీసుకుని పని ఆపేశారు. ఇంకెందరో వణుకుతున్న చేతులతో దానికోసం ఎదురుచూస్తున్నారట. ఆ సంగతి తండ్రికి ఆమె చెప్పలేదు, రూతమ్మ చెప్పింది. కృపానందం పట్టీ కూడా పోయింది. వణుకు మళ్ళీ వచ్చింది. చొక్కా మీద మళ్ళీ టీ.

కూతురు అతనితో మాట్లాడుతుంది, అవసరమైనంత వరకే. జెకర్యా ఆ మాత్రం కోపం కూడా పెట్టుకోలేదు. నువ్వు చెప్పుంటే కూడా కట్టించుకునేవాణ్ణేమో బావా, అన్నాడొకసారి. కృపానందానికి అది తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

పట్నం నుంచి ఫోను మీద ఫోను. పాట సిద్ధంగా ఉంది, ఊఁ అంటే చాలన్నారు. విడుదలైతే ఆ పాట ప్రతి ఆటోలోనూ, ప్రతి టీకొట్టులోనూ మోగుతుంది. షెడ్డు ముందు నుంచీ పోతుంది. జెకర్యా ఏ ట్రాక్టరు కిందో ఉంటాడు. వద్దండి అన్నాడు కృపానందం. ఎందుకండీ, ఇంత బాగా కుదిరిందిగా అన్నారు. అందుకే వద్దండి అని పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం మిల్లు ఆగినా స్టూడియో తలుపు తియ్యలేదు.

షెడ్డులో ఇప్పుడు ఎవరూ ఫోను మోగనివ్వరు. జెకర్యా భార్య అతనికి బరువు అందిస్తూ బొంగురుగా దించి కూనిరాగం తీస్తుంది. రూతమ్మా అంతే. ఆ రెండిళ్ళల్లో సరైన స్వరం అన్నది వినబడి చాన్నాళ్ళైంది. కృపానందం ఒక్కోసారి లేచి గేటు దాకా వెళ్ళి నిలబడి వస్తాడు.

మళ్ళీ బాప్తిస్మాల రోజు వచ్చింది. ఈసారి దిగాల్సింది రైసుమిల్లు వాచ్‌మన్ బర్నబాసు తాత. ముసలాయనకి నీళ్ళంటే ప్రాణభయం. రేవుకొచ్చి మొదటిమెట్టు మీదే ఆగాడు.

"జెకర్యా వస్తున్నాడా?"

 జెకర్యా దూరంగా ట్రాక్టరు తొట్టి అంచున, మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు నీళ్ళలో ఉన్నారు, బలంగానే ఉన్నారు. తాత వాళ్ళని చూశాడు. జెకర్యాని చూశాడు. మెట్టు దిగలేదు.

కృపానందం పోయి ఆడవాళ్ళ ముందు నిలబడ్డాడు. పాట అందుకోమన్నాడు. అందుకున్నారు, ముత్యాల్లా. కాదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి వణుకుతోంది.

"దించండి," అన్నాడు.

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. రూతమ్మ ముందు దించింది. తర్వాత ఒకరొకరే. సరిగ్గా పాడటం నేర్చుకున్న గొంతులు తప్పు పాడటానికి పడే అవస్థ అంతా ఇంతా కాదు. ఒకరు దిగితే ఒకరు పైకి పోయారు. కృపానందం తల పట్టుకున్నాడు. మళ్ళీ మొదట్నుంచి అన్నాడు. గట్టు మీద కెజియా లేచి వచ్చి తల్లి పక్కన నిలబడి తనూ దించింది. గొంతులన్నీ నెమ్మదిగా ఒకే తప్పు దగ్గరికి చేరాయి.

పాస్టరుగారు ట్రాక్టరుకి కట్టిన తాడు విప్పి తెచ్చి జెకర్యా ఎడమచేతిలో పెట్టారు. కుర్రాళ్ళిద్దరూ రెండోకొస పట్టుకుని లాగారు. తాడు కదల్లేదు. ఇంకా లాగారు. కుర్రాళ్ళే వచ్చారు.

జెకర్యా తాడు పడేసి, చొక్కా చేతులు మడుచుకుంటూ నీళ్ళలోకి దిగాడు. తాత ఒక మెట్టు దిగాడు.

కృపానందం పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని, వణికే చెయ్యి కిందకి ఊపుతూనే ఉన్నాడు.

"ఇంకా దించండి. ఇంకొంచెం."